క్లేమోర్: ఒక స్కాట్లండ్ ఖడ్గం పేరు - అర్థం, పుట్టుక, ప్రయాణం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ప్రస్తావన
7.2 పదనిర్మాణం, అర్థం
7.3 మూలం: కెల్టిక్ భాషలు, లాటిన్
7.4 ఒకే పేరు, రెండు ఖడ్గాలు
7.5 ఆధారాల పరిశీలన
7.6 ఆయుధాల నిషేధం, పేరు నిలవడం
7.7 ఖడ్గం నుంచి మందుపాతర వరకు
7.8 సారాంశం
7.9 కీలక పదాలు
7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• 'క్లేమోర్' అనే పదం ఏ భాషకు చెందినదో, దాని అర్థం ఏమిటో వివరించగలుగుతారు.
• ఆ పేరుతో పిలిచే రెండు రకాల ఖడ్గాల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• ఒక పదం చరిత్రను నిర్ణయించడానికి చరిత్రకారులు ఆధారాలను ఎలా తూచి చూస్తారో తెలుసుకోగలుగుతారు.
• ఒక సమాజం రాజకీయ పరిస్థితులకు, ఆ సమాజపు పదాల అర్థాలకు గల సంబంధాన్ని చర్చించగలుగుతారు.

7.1 ప్రస్తావన

'క్లేమోర్' అనే మాట మీకు కొత్తది కాకపోవచ్చు. 2003 అక్టోబరు 1న తిరుపతి దగ్గర అలిపిరిలో అప్పటి ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు ప్రయాణిస్తున్న వాహనశ్రేణిపై దాడి జరిగింది. ఆ రోజుల్లో తెలుగు పత్రికల్లో 'క్లేమోర్ మైన్లు' అనే మాట మళ్లీ మళ్లీ కనిపించింది. అది చదివిన చాలామంది క్లేమోర్ అంటే ఒక రకం మందుపాతర అనే అనుకున్నారు. నిజానికి అది ఒక ఖడ్గం పేరు. ఆ ఖడ్గం స్కాట్లండ్‌కు ఉత్తరాన, పడమర ఉన్న హైలాండ్స్ అనే కొండసీమకు, హెబ్రిడీస్ దీవులకు చెందినది. ఆ ప్రాంత ప్రజల భాష గేలిక్.

ఈ ప్రాంతానికీ తెలుగువారి చరిత్ర రచనకూ ఒక సంబంధం ఉంది. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయంతో మన గ్రామాల కైఫీయత్తులను సేకరింపజేసిన కల్నల్ కాలిన్ మెకంజీ పుట్టింది హెబ్రిడీస్ దీవుల్లో ఒకటైన లూయిస్‌లోని స్టోర్నోవే పట్టణంలో. గేలిక్ మాట్లాడే నేల నుంచి వచ్చిన వ్యక్తి తెలుగు గ్రామాల జ్ఞాపకాలను కాగితం మీదికి ఎక్కించాడు. ఆ గేలిక్ సీమ జ్ఞాపకాలను కాగితం మీదికి ఎక్కించినవారిలో మాత్రం బయటివారే ఎక్కువ. ఈ భాగంలో మనం చర్చించే సమస్యకు మూలం అక్కడే ఉంది.

ఆ సమస్య ఇది. క్లేమోర్ అనే పేరు ఏ ఖడ్గానిది? రెండు చేతులతో పట్టే భారీ ఖడ్గానిదా, పిడి చుట్టూ బుట్ట లాంటి కవచం ఉన్న ఒంటిచేతి ఖడ్గానిదా? ఈ ప్రశ్నకు జవాబు వెతకాలంటే ముందు ఆ పదాన్ని విడదీసి చూడాలి.

7.2 పదనిర్మాణం, అర్థం

క్లేమోర్ అనేది గేలిక్ పదబంధానికి ఇంగ్లీషు రూపం. గేలిక్‌లో అది రెండు మాటలు: 'క్లైయవ్', 'మోర్'. క్లైయవ్ అంటే ఖడ్గం. మోర్ అంటే పెద్ద, గొప్ప. తెలుగులో విశేషణం ముందు వచ్చి నామవాచకం తరువాత వస్తుంది. మనం 'పెద్ద కత్తి' అంటాం. గేలిక్‌లో సాధారణంగా నామవాచకం ముందు వచ్చి విశేషణం దాని వెనుక నిలుస్తుంది. కనుక గేలిక్ వరుసలో అది 'కత్తి పెద్ద' అవుతుంది.

'మోర్' అనే మాట స్కాట్లండ్‌లో అడుగడుగునా వినిపిస్తుంది. 'బెన్ మోర్' అంటే పెద్ద కొండ. మనుషుల పేర్లకు కూడా ఇది చేరుతుంది. స్కై దీవిలోని మెక్లౌడ్ వంశానికి పెద్దగా ఉండి 1626లో మరణించిన సర్ రోడరిక్ మెక్లౌడ్‌ను ప్రజలు 'రోరీ మోర్' అని పిలిచారు. ఇక్కడ మోర్ ఘనతను కూడా సూచిస్తుంది. మోర్‌కు వ్యతిరేక పదం 'బెగ్', అంటే చిన్న.

గేలిక్ రాతలో 'క్లైయవ్' అనే మాటకు పది అక్షరాలు ఉంటాయి. కాని వాటిలో చాలా అక్షరాలు ఒకప్పటి ఉచ్చారణకు గుర్తులు మాత్రమే. మధ్యలో 'ద', 'హ' అక్షరాల జంట ఉన్నా నేడు అక్కడ 'య' లాంటి పలుచని ధ్వని వినిపిస్తుంది. చివర 'మ', 'హ' అక్షరాల జంట 'వ'గా పలుకుతుంది. గేలిక్ రాని ఇంగ్లీషువారు తమ చెవికి వినిపించినదాన్ని తమ లిపిలో రాసుకున్నారు. చివరి 'వ' ధ్వని తరువాతి 'మ'లో కలిసిపోయింది. అందుకే 18వ శతాబ్దపు పుస్తకాల్లో 'క్లైమోర్', 'గ్లేమోర్', 'క్లేమోర్' వంటి భిన్నరూపాలు కనిపిస్తాయి. చివరికి క్లేమోర్ స్థిరపడింది.

ఇక్కడ మీరు ఒక జాగ్రత్త పాటించాలి. ఇంగ్లీషులో 'క్లే' అంటే బంకమట్టి, 'మోర్' అంటే ఇంకా ఎక్కువ. ఈ ఖడ్గం పేరుకు ఆ రెండు మాటలతో ఏ సంబంధమూ లేదు. ఒక భాషలోని పదం మరో భాషలోకి వచ్చినప్పుడు అక్కడి మాటల్లాగే వినిపించడం మామూలు. వినికిడి పోలికను బట్టి అర్థం చెప్పడం వ్యుత్పత్తి శాస్త్రం కాదు.

7.3 మూలం: కెల్టిక్ భాషలు, లాటిన్

గేలిక్ కెల్టిక్ భాషాకుటుంబానికి చెందినది. ఈ కుటుంబం రెండు శాఖలుగా ఉంది. ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్ ఒక శాఖ. వెల్ష్, కార్నిష్, బ్రెటన్ రెండో శాఖ. ఖడ్గం అనే అర్థంలో రెండు శాఖల్లోనూ దగ్గరి మాటలే ఉన్నాయి. వెల్ష్‌లో ఖడ్గాన్ని 'క్లెదివ్' అంటారు. నేటి ఐరిష్‌లో 'క్లీవ్' అంటారు.

ఐరిష్, గేలిక్ మాటలు తమ శాఖలో సొంతంగా పుట్టినవి కావనీ, వెల్ష్‌కు పూర్వరూపమైన బ్రిటన్ భాష నుంచి ఎరువు తెచ్చుకున్నవనీ భాషాశాస్త్రవేత్తలు ఎక్కువగా భావిస్తారు. ఆయుధాల పేర్లు ఇలా సరిహద్దులు దాటడంలో ఆశ్చర్యం లేదు. వస్తువుతో పాటు దాని పేరు కూడా చేతులు మారుతుంది.

ప్రాచీన రోమ్ సైనికుల పొట్టి ఖడ్గాన్ని లాటిన్‌లో 'గ్లాడియస్' అంటారు. ఆ ఖడ్గంతో పోరాడే మల్లుడే గ్లాడియేటర్. మన పూల దుకాణాల్లో దొరికే గ్లాడియోలస్ పువ్వుకు ఆ పేరు దాని ఆకులు చిన్న ఖడ్గాల్లా ఉండడం వల్ల వచ్చింది. లాటిన్‌లోని గ్లాడియస్ కూడా కెల్టిక్ ప్రజల నుంచి వచ్చిన మాటే కావచ్చని పలువురు పండితుల అభిప్రాయం. 'కొట్టు, నరుకు' అనే అర్థం గల ప్రాచీన ధాతువు వీటన్నిటికీ మూలమని వారు ఊహిస్తారు.

అయితే 'ఖడ్గం' అనే మాట ప్రాచీనమైనంత మాత్రాన 'పెద్ద ఖడ్గం' అనే పేరు కూడా అంత ప్రాచీనమని చెప్పలేం. ఈ రెంటినీ కలిపివేయడం పదచరిత్రలో తరచు జరిగే పొరపాటు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1

సూచన: ఒక్కొక్క ప్రశ్నకు మూడు లేదా నాలుగు వాక్యాల్లో సమాధానం రాయండి.
1) 'క్లేమోర్' అనే పదాన్ని విడదీసి అర్థం రాయండి.
2) గ్లాడియస్ అనే లాటిన్ మాటకు, గేలిక్ మాటకు గల సంబంధం ఏమిటి?

7.4 ఒకే పేరు, రెండు ఖడ్గాలు

నేడు మ్యూజియంలలో, పుస్తకాల్లో రెండు వేర్వేరు ఖడ్గాలను క్లేమోర్ అంటున్నారు.

(అ) రెండు చేతుల ఖడ్గం: ఇది సుమారు 1500 నుంచి 1700 వరకు వాడుకలో ఉంది. మొత్తం పొడవు సుమారు 140 సెంటీమీటర్లు. బరువు సాధారణంగా రెండున్నర కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. దీన్ని చూడగానే గుర్తుపట్టేలా చేసేది పిడికి, అలుగుకు మధ్య ఉండే అడ్డకమ్మి. దాని రెండు కొమ్మలు అలుగు వైపుకు ఏటవాలుగా వంగి ఉంటాయి. చాలా ఖడ్గాల్లో వాటి చివర నాలుగు రేకుల పువ్వు ఆకారం ఉంటుంది. అడ్డకమ్మిని ఇలా వంచే పద్ధతి అంతకు ముందు నుంచే ఉందని పశ్చిమ హైలాండ్స్‌లోని సమాధి ఫలకాల మీద చెక్కిన ఖడ్గాలు చెబుతాయి.

(ఆ) బుట్టపిడి ఖడ్గం: ఇది ఒంటిచేతి ఖడ్గం. 16వ శతాబ్దం నుంచి కనిపిస్తుంది. 17, 18 శతాబ్దాల్లో బాగా వ్యాపించింది. పిడి చుట్టూ ఇనుప పట్టీలు అల్లిన బుట్ట లాంటి కవచం ఉండి పిడికిలిని కాపాడుతుంది. అలుగు వెడల్పుగా ఉంటుంది. బరువు మొదటిదానిలో సుమారు సగం. రెండో చేతిలో 'టార్జ్' అనే గుండ్రని డాలు పట్టుకొనేవారు. గ్లాస్గో, స్టిర్లింగ్ పట్టణాల కమ్మరులు బుట్టపిడుల తయారీకి పేరు పొందారు. అలుగులు మాత్రం చాలావరకు జర్మనీ నుంచి, ముఖ్యంగా జోలింగెన్ పట్టణం నుంచి వచ్చేవి. అనేక అలుగుల మీద 'ఆండ్రియా ఫెరారా' అనే ఇటలీ కమ్మరి పేరు ఉంటుంది. అది నాణ్యతకు గుర్తుగా ఎందరో వాడుకున్న పేరు. స్కాట్లండ్ జాతీయ చిహ్నంగా చెప్పుకొనే ఆయుధంలో ఇలా పలు దేశాల పనితనం కలిసి ఉంది.

1689 జూలై 27న జరిగిన కిల్లీక్రాంకీ యుద్ధాన్ని రెండు చేతుల ఖడ్గం చెప్పుకోదగిన సంఖ్యలో కనిపించిన చివరి యుద్ధంగా పేర్కొంటారు. 1746 ఏప్రిల్ 16న కల్లోడెన్‌లో ప్రభుత్వ సైన్యం మీదికి ఉరికిన హైలాండ్ యోధుల చేతిలో ఉన్నది బుట్టపిడి ఖడ్గం.

7.5 ఆధారాల పరిశీలన

1911లో వెలువడిన ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా బుట్టపిడి ఖడ్గాన్ని క్లేమోర్ అనడం తప్పు అని తీర్పు చెప్పింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు ఈ ప్రయోగం కచ్చితమైనది కాదంటూనే చాలా సాధారణమని గుర్తించింది. 'పెద్ద ఖడ్గం' అన్న పేరు పెద్ద ఖడ్గానికే తగునన్నది వారి తర్కం. వినడానికి సబబుగానే ఉంది. కాని పేరు ఎవరిదో నిర్ణయించవలసింది తర్కం కాదు, వాడుక. ఆధారాలను కాలక్రమంలో చూద్దాం.

మొదటి ఆధారం 1715 నాటిది. ఆ సంవత్సరపు ఒక కరపత్రం హైలాండ్ యోధుడి వేషాన్ని వర్ణిస్తుంది. అతని ఎడమచేతికి ఉక్కుముల్లు బిగించిన డాలు ఉంది, పక్కన క్లేమోర్ వేలాడుతోంది. ఈ వర్ణనను మీరు జాగ్రత్తగా ఆలోచించండి. ఒక చేతికి డాలు ఉన్నవాడు రెండు చేతుల ఖడ్గాన్ని తిప్పలేడు. 140 సెంటీమీటర్ల ఖడ్గాన్ని నడుముకు వేలాడదీసుకొని నడవడం కూడా కష్టమే. కనుక ఇక్కడ క్లేమోర్ అంటే ఒంటిచేతి ఖడ్గమే.

రెండో ఆధారం 1772 నాటిది. వేల్స్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త థామస్ పెన్నంట్ హెబ్రిడీస్ దీవుల్లో పర్యటిస్తూ ఒక భారీ ఖడ్గాన్ని చూశాడు. దానిని 'క్లైమోర్' అని పేర్కొని, రెండు చేతుల పెద్ద ఖడ్గమని వివరించాడు. అలుగు పొడవు 3 అడుగుల 7 అంగుళాలు, పిడి 14 అంగుళాలు, బరువు ఆరున్నర పౌండ్లు అని కొలతలు కూడా ఇచ్చాడు. ఆ కొలతలు నమ్మదగినవి. దానితో పాటు ఆయన మరో మాట అన్నాడు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో రోమన్లతో పోరాడిన కాలిడోనియన్ల చేతుల్లో భారీ ఖడ్గాలు ఉన్నాయని టాసిటస్ రాశాడు కదా, ఇదీ అలాంటిదే కావచ్చు అన్నాడు. ఆ రెంటి మధ్య దాదాపు 1400 సంవత్సరాల అంతరం ఉంది. దాన్ని పూరించే సాక్ష్యం ఆయన చూపలేదు. ఒకే రచయిత ఒకే చోట మంచి ఆధారాన్నీ, బలం లేని ఊహనూ ఇవ్వగలడు. రెంటినీ వేరుచేసి చూడడం చరిత్ర విద్యార్థి పని.

మూడో ఆధారం 1773 నాటిది. జేమ్స్ బోస్వెల్, సామ్యూల్ జాన్సన్‌తో కలిసి స్కై దీవిలోని డన్‌వెగన్ కోటలో బస చేశాడు. అక్కడ రోరీ మోర్‌దని చెప్పే రెండు చేతుల ఖడ్గాన్ని చూశాడు. 1785లో ప్రచురించిన తన యాత్రాగ్రంథంలో ఆయన ఒక ముఖ్యమైన విషయం రాశాడు. తన కాలంలో వాడే వెడల్పు ఖడ్గాన్ని కూడా 'పెద్ద ఖడ్గం' అనే అంటున్నారనీ, కాని అది రోరీ మోర్ కాలపు ఖడ్గం కంటే చాలా చిన్నదనీ గమనించాడు. అంటే 1773 నాటికి ఒకే పేరు రెంటికీ వాడుకలో ఉంది.

నాలుగో ఆధారం 1825లో వచ్చిన ఆర్.ఎ. ఆర్మ్‌స్ట్రాంగ్ గేలిక్ నిఘంటువు. అందులో 'క్లైయవ్ మోర్' అంటే వెడల్పు ఖడ్గం. రెండు చేతుల ఖడ్గానికి వేరే పేరు ఉంది: 'క్లైయవ్ దా లైవ్', అంటే అక్షరాలా 'రెండు చేతుల ఖడ్గం'. 'చిన్న ఖడ్గం' అనే అర్థమిచ్చే 'క్లైయవ్ బెగ్' బుట్టపిడి ఖడ్గాన్ని సూచించదు. సన్నని మరో రకం ఖడ్గాన్ని సూచిస్తుంది. నేడు కొందరు బుట్టపిడి ఖడ్గాన్ని 'క్లేబెగ్' అనాలని సూచిస్తున్నారు. గేలిక్ వాడుక దీన్ని సమర్థించదు.

ఈ ఆధారాలను 1981లో క్లాడ్ బ్లేర్ అనే ఆయుధ చరిత్రకారుడు 'క్లేమోర్' అనే పదం మీదనే రాసిన వ్యాసంలో పరిశీలించాడు. ఆ తరువాత పాల్ వాగ్నర్, క్రిస్టఫర్ థామ్సన్ ఈ పేరు ముందుగా బుట్టపిడి ఖడ్గానికే వర్తించిందని వాదించారు.

అలాగైతే ఒంటిచేతి ఖడ్గం 'పెద్దది' ఎలా అయింది? 'పెద్ద' అనేది సాపేక్ష పదం. మన ఇళ్లలో 'పెద్దమ్మ' అంటే ఆకారంలో పెద్దదని కాదు, అమ్మ కంటే పెద్దదని. దేనితో పోల్చామన్నదే అర్థాన్ని నిర్ణయిస్తుంది. 17వ శతాబ్దం చివర, 18వ శతాబ్దంలో యూరప్‌లోని పెద్దమనుషులు నడుముకు సన్నని, తేలికైన, పొడవడానికి మాత్రమే పనికివచ్చే ఖడ్గం ధరించేవారు. దాని పక్కన బుట్టపిడి ఖడ్గం పెద్దదే. రెండు చేతుల ఖడ్గం వాడుక నుంచి తొలగిపోయాక పోలిక ఈ రెంటి మధ్యనే మిగిలింది. బోస్వెల్ చూపుతో చూస్తే పేరు పెద్దదాని నుంచి చిన్నదానికి జారింది. నిఘంటువు, కరపత్రం ప్రకారం చూస్తే ఆ పేరు మొదటి నుంచీ ఒంటిచేతి ఖడ్గానికి సహజంగానే ఉంది. ఏది ఎంచుకున్నా, బుట్టపిడి ఖడ్గాన్ని క్లేమోర్ అనడం తప్పు అన్న 1911 నాటి తీర్పు మాత్రం నిలవదు.

7.6 ఆయుధాల నిషేధం, పేరు నిలవడం

ఇంత చిన్న విషయం మీద ఇంత గందరగోళం ఎందుకు వచ్చింది? దీనికి సమాధానం హైలాండ్స్ రాజకీయ చరిత్రలో ఉంది.

1609లో కుదిరిన అయోనా శాసనాల ప్రకారం దీవుల వంశ పెద్దలు తమ వారసులను ఇంగ్లీషు నేర్చుకోవడానికి లోలాండ్స్‌కు పంపవలసి వచ్చింది. 1616లో స్కాట్లండ్ ప్రివీ కౌన్సిల్ బడుల ఏర్పాటుకు చేసిన చట్టం గేలిక్ భాషను తొలగించాలన్న ఉద్దేశాన్ని దాచుకోలేదు. 1716, 1725, 1746 సంవత్సరాల్లో వరుసగా ఆయుధ నిషేధ చట్టాలు వచ్చాయి. కల్లోడెన్ ఓటమి తరువాత 1747 ఆగస్టు 1 నుంచి హైలాండ్ దుస్తులు ధరించడం కూడా నేరమైంది. ఈ దుస్తుల నిషేధం 1782 దాకా కొనసాగింది.

ఈ తేదీలను 7.5లోని తేదీల పక్కన పెట్టి చూడండి. పెన్నంట్, బోస్వెల్ వచ్చింది ఈ నిషేధ కాలంలోనే. అప్పటికి సామాన్యుడి ఇంట్లో ఖడ్గం ఉండకూడదు. యాత్రికులకు కనిపించింది భద్రంగా ఉన్న పాత భారీ ఖడ్గం. వారు చూసిన వస్తువు, వారు విన్న పేరు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. వారి పుస్తకాలు అచ్చయి ఇంగ్లీషు పాఠకులకు చేరాయి. ఆ పేరును రోజూ పలికిన గేలిక్ ప్రజల వాడుక నిఘంటువుకు ఎక్కేసరికి యాభై ఏళ్లు దాటింది.

నిషేధానికి ఒక మినహాయింపు ఉంది. బ్రిటిష్ సైన్యంలో చేరిన హైలాండ్ దళాలు తమ దుస్తులను, ఖడ్గాన్ని ఉంచుకున్నాయి. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలాకారుడు వాల్టర్ స్కాట్ నిర్వహించిన వేడుకలతో హైలాండ్ వేషం స్కాట్లండ్ మొత్తానికి గుర్తుగా మారింది. 1828లో బుట్టపిడి ఖడ్గం హైలాండ్ దళాల అధికారుల అధికారిక ఖడ్గమైంది. తిరుగుబాటుదారుల చేతిలో నేరమైన ఆయుధమే ఎనభై ఏళ్లలో రాజు కొలువులో అలంకారమైంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2

1) 1715 నాటి కరపత్రంలోని వర్ణన ఒంటిచేతి ఖడ్గాన్నే సూచిస్తుందని ఎలా చెప్పగలం?
2) హైలాండ్స్‌లో ఆయుధ నిషేధం వచ్చిన సంవత్సరాలను పేర్కొనండి.

7.7 ఖడ్గం నుంచి మందుపాతర వరకు

20వ శతాబ్దంలో ఈ పేరు ఖడ్గాన్ని వదిలి బయటికి నడిచింది. 1941 మార్చిలో నార్వేలోని లొఫోటెన్ దీవుల మీద బ్రిటిష్ కమాండోలు జరిపిన దాడికి 'ఆపరేషన్ క్లేమోర్' అని పేరు పెట్టారు. 1950లలో నార్మన్ మెక్లౌడ్ అనే ఆయుధ రూపకర్త అమెరికా సైన్యం కోసం ఒకే దిశలో ఉక్కు గుళ్లను చిమ్మే మందుపాతరను తయారుచేసి, దానికి స్కాట్లండ్ ఖడ్గం పేరు పెట్టాడు. ఆయన ఇంటిపేరు, రోరీ మోర్ వంశం పేరు ఒకటే కావడం గమనించదగినది. వియత్నాం యుద్ధంతో ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. తరువాత అదే తరహాలో ఇతరులు తయారుచేసుకున్న మందుపాతరలకు కూడా అదే పేరు వచ్చింది. అలా అది అలిపిరి వార్త ద్వారా తెలుగు పాఠకుడి దాకా చేరింది.

ఈ ప్రయాణంలో మొదటి అర్థం పూర్తిగా జారిపోయింది. మందుపాతరలో ఖడ్గమూ లేదు, పెద్దతనమూ లేదు. మిగిలింది భయం గొలిపే ఆయుధమన్న భావన ఒక్కటే.

7.8 సారాంశం

క్లేమోర్ అనేది 'పెద్ద ఖడ్గం' అనే అర్థమిచ్చే గేలిక్ పదబంధానికి ఇంగ్లీషు రూపం. ఖడ్గం అనే మాట కెల్టిక్ భాషల్లో ప్రాచీనమైనది. లాటిన్ గ్లాడియస్‌తో దానికి బంధుత్వం ఉండవచ్చు. రెండు చేతుల ఖడ్గాన్నీ, బుట్టపిడి ఖడ్గాన్నీ ఈ పేరుతో పిలిచారు. 1715, 1772, 1773, 1825 నాటి ఆధారాలను కలిపి చూస్తే బుట్టపిడి ఖడ్గానికి ఈ పేరు చెల్లుతుందని స్పష్టమవుతుంది. ఆయుధాలు, భాష రెండూ అణచివేతకు గురైన కాలంలో బయటివారు పేరును నమోదు చేయడం గందరగోళానికి ఒక ముఖ్య కారణం. ఒక పదానికి అర్థం చెప్పేముందు దాన్ని ఎవరు, ఎప్పుడు, దేని గురించి వాడారో అడగాలని ఈ ఉదాహరణ మనకు నేర్పుతుంది. మీ ఊరి పేరుకో, మీ ఇంటి పనిముట్టు పేరుకో అర్థం వెతికేటప్పుడు కూడా ఇవే ప్రశ్నలు వేసి చూడండి.

7.9 కీలక పదాలు

గేలిక్: స్కాట్లండ్ హైలాండ్స్, హెబ్రిడీస్ దీవుల కెల్టిక్ భాష.
వ్యుత్పత్తి: పదం పుట్టుక, నిర్మాణం గురించిన వివరణ.
బుట్టపిడి: చేతిని కాపాడే ఇనుప అల్లిక గల ఖడ్గపు పిడి.
టార్జ్: హైలాండ్ యోధుల గుండ్రని డాలు.
సాపేక్ష పదం: మరొకదానితో పోల్చినప్పుడే పూర్తి అర్థం ఇచ్చే పదం.

7.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) క్లేమోర్ అనే పేరు ఏ ఖడ్గానికి చెందుతుందన్న వివాదాన్ని ఆధారాలతో చర్చించండి.
2) హైలాండ్స్ రాజకీయ పరిణామాలు ఈ పదం అర్థాన్ని ఎలా ప్రభావితం చేశాయో వివరించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1) రెండు చేతుల ఖడ్గం, బుట్టపిడి ఖడ్గం - తేడాలు.
2) పెన్నంట్ రచనలో నమ్మదగిన అంశాన్ని, ఊహను వేరుచేసి రాయండి.
3) క్లేమోర్ అనే పేరు మందుపాతరకు ఎలా వచ్చింది?